మిల్లు మూసిన నాటి రొట్టె

ఆ పొద్దు కూడా అంబదాస్ టిఫిన్ డబ్బా ముట్టకుండానే డ్యూటీకి పోయాడు.

డబ్బా గడప పక్కన స్టూలు మీదే ఉంది. చెప్పులు వేసుకోవడానికి వంగినవాడి కంట పడాలనే జమున దాన్ని అక్కడ పెట్టింది. పడింది కూడా. అతను ఒకసారి చూశాడు. చూసి, చెప్పుల పట్టీ సవరించుకున్నాడు. సైకిల్ స్టాండు తీసిన చప్పుడు, గేటు కిర్రుమన్న చప్పుడు. అంతే.

"పోయిండా అత్తమ్మా?" వంటింట్లోంచి కొత్త కోడలు మమతారాణి తల బయటపెట్టింది.

"పోయిండు."

"డబ్బా?"

"నువ్వే తిను బిడ్డా. లేకుంటే కుక్కకెయ్యి."

కుక్కకేయమన్నది గాని, ఆ డబ్బాను తనే తీసి రెండు చేతులతో పట్టుకుని నిలబడింది జమున. అడుగు ఇంకా వెచ్చగా ఉంది. పొద్దున్నే లేచి చేసిన జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయల తొక్కు. తొక్కు అతనికి ప్రాణం. పండ్లతో కాకుండా నాలుకతోనే నూరుకుని తినేవాడు.

కొడుకు రవి పెళ్లి చేసి, సుల్తానాబాద్ నుంచి కోడల్ని తెచ్చుకున్న నాడే ఇంట్లో ఈ ముసలం పుట్టింది.

కొత్త జంటను గడపలో ఆపి పేరు చెప్పించడం కాగజ్‌నగర్‌లో వాళ్ల వాడకట్టు ఆనవాయితీ. ఆడవాళ్లు తలుపుకు అడ్డంగా చేతులు చాపి నిలబడతారు. మొగుడు పెళ్లాం పేరు, పెళ్లాం మొగుడి పేరు, ఒక వరసలో పొదిగి చెబితే గాని లోపలికి రానివ్వరు. రవి మింగుతూ మింగుతూ చెప్పాడు. మమత వాళ్ల మేనత్త నేర్పిన వరసను గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. దాంతో ఆడవాళ్లకు రుచి తగిలింది.

"ఇగ అత్త చెప్పాలె! అత్త చెప్పకుంటే కోడల్ని రానియ్యం!"

జమున అంతవరకు మొగుడి పేరు నోటితో పలికింది లేదు. 'రవి బాపు' అంటుంది, 'ఇగో' అంటుంది. కాని ఆ పూట డప్పులు మోగుతున్నాయి, కొడుకు పక్కన కోడలు బంగారు బొమ్మలా ఉంది, కడుపు నిండా సంతోషం ఉంది. ఎక్కడ దాచిందో తనకే తెలియని మాటలు వాటంతటవే వరస కట్టుకుని బయటికొచ్చాయి.

"జొన్నపిండి పిసికినోడు, పొయ్యి ముందట కూసున్నోడు,
మిల్లు మూసిన దినాలల్ల ఉడుకు రొట్టె పెట్టినోడు,
చేతికి బొబ్బలచ్చినా చెప్పకుండ దాసినోడు,
మా రవికి బాపైనోడు, నా ఇంటోడు అంబదాసు!"

వాకిలంతా ఈలలు. నవ్వులు. మమత చెల్లెలు దాన్ని ఫోన్లో పట్టి స్టేటస్ పెట్టింది. సాయంత్రానికల్లా అది అంబదాస్ పనిచేసే కాగితపు మిల్లు గేటు దాటింది. మర్నాడు అంబదాస్ డ్యూటీకి పోయేసరికి గేటు దగ్గరే మొదలుపెట్టారు.

"అన్నా, రెండు రొట్టెలు పార్సిల్!"

"తొక్కుతోనా, పప్పుతోనా అంబదాసన్నా?"

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. రొట్టెను చూశాడు. చేయి కడుక్కుని లేచిపోయాడు. అప్పటినుంచి క్యాంటీన్‌లోనే పొద్దటి తిండి, బస్టాండు దగ్గరి హోటల్లో రాత్రి తిండి. కరెంటు బిల్లు, నీళ్ల ట్యాంకు, ఇలాంటి వాటికి తప్ప నోరు విప్పడు.

* * *

"తప్పంత మా చెల్లెదే అత్తమ్మా," అంది మమత, పుంటికూర ఆకులు గిల్లుతూ. "ఫోన్ చేసి తిట్టిన. తీసేసింది. గని గప్పటికే అందరు చూసిండ్రు."

"నీ చెల్లె ఏం చేసె? నోరు నాది."

మమత ఇంకో కట్ట విప్పింది. ఆ పిల్లకు ఊరుకోవడం రాదని ఈ కొద్ది రోజుల్లోనే జమునకు అర్థమైంది.

"ఒకటి అడుగుత. కోపం చెయ్యద్దు."

"అడుగు."

"మామయ్య నిజంగనే రొట్టెలు చేసెటోడా?"

జమునకు ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. ఇన్ని రోజుల తర్వాత వచ్చిన నవ్వు. దాని వెంట మిగతాదంతా వచ్చింది.

మిల్లు మూతపడక ముందు వాళ్ల కాపురం గిన్నెల మీద బోర్లించిన పళ్లేల కాపురం. అతను నైటు షిఫ్టు దిగి వచ్చేసరికి ఆమె నీళ్లకు పోయేది. ఆమె పక్క మీదికి చేరేసరికి అతను సైకిలెక్కేవాడు. ఒక వారం మొదటి షిఫ్టు, ఒక వారం రెండోది, ఒక వారం రాత్రిది. పళ్లెం తీసి తిన్నాడా లేదా అన్నదే ఆమెకు అతని క్షేమసమాచారం.

తర్వాత మిల్లు మూతపడింది. సైరన్ ఆగిపోయింది. వాడకట్టంతా ఎప్పుడు లేవాలో ఎప్పుడు పండుకోవాలో తెలియని మనుషులైపోయారు. అంబదాస్ మంచం మీద కూర్చుని గోడను చూసేవాడు. పలకరిస్తే ఉలిక్కిపడేవాడు. జమున ఎవరిదో పాత కుట్టుమిషను తెచ్చుకుని జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది.

ఒకనాడు సూది వేలిలోకి దిగింది. కట్టు కట్టుకున్న చెయ్యి పిండిలో పెట్టే వీలు లేదు. రవి బడినుంచి ఆకలితో వచ్చే వేళ. అంబదాస్ మంచం దిగి, ఒక్క మాట లేకుండా పిండి డబ్బా తన ముందుకు లాక్కున్నాడు.

"నీళ్లు ఎన్ని పొయ్యాలె?"

"ఉడుకు నీళ్లు పొయ్యి. చెయ్యి కాలుతది, పైలం."

కాలనే కాలింది. మొదటి రొట్టె అంచులు చీలి, మధ్యలో చిల్లిపడి, పెంక మీదికి పోయేసరికి మూడు ముక్కలైంది.

"గిదేం రొట్టె, చెరువు కట్ట తెగినట్టున్నది!" అంది జమున.

అతను నవ్వాడు. మిల్లు మూసినప్పటినుంచి ఆ ఇంట్లో వినబడిన మొదటి నవ్వు అది.

వేలు మానింది. కాని పిండి డబ్బా అతని దగ్గరే ఉండిపోయింది. జమున పీట వేసుకుని పొయ్యి పక్కన కూర్చునేది. అతను పెంక మీంచి తీసిన రొట్టె తీసినట్టే ఆమె చేతిలో పెట్టేవాడు. పెళ్లయిన నాటినుంచి ఆమె ఉడుకు రొట్టె తిన్నదే లేదు. రొట్టె చేసే మనిషి అందరికీ పెట్టి, చివరికి చల్లారినది తింటుంది కదా. పొంగిన రొట్టెను వేలితో పొడిస్తే బుస్సుమని ఆవిరి లేస్తుందనీ, ఆ ఆవిరికి జొన్నచేను వాసన ఉంటుందనీ ఆమెకు అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నాలు మిషను తొక్కీ తొక్కీ కాళ్లు గుంజితే ఉప్పేసిన ఉడుకు నీళ్లు తెచ్చిపెట్టేవాడు. ఇద్దరికీ కలిపి ఒకే గిలాసలో చాయ్. ఆమె తాగి ఇస్తే అతను. తర్వాత ఆమె మెట్టు మీద కూర్చుంటే, పైమెట్టు మీద తను కూర్చుని తలకు నూనె పెట్టేవాడు. కాగితపు రీళ్లు దొర్లించి కాయలు కాసిన వేళ్లు. కుదుళ్లలో ఎంత మెల్లగా తిరిగేవో! ఆమె కళ్లు మూసుకునేది. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు కాదు.

"అబ్బా," అంది మమత. ఆకులు గిల్లడం ఎప్పుడో మానేసింది. "మీ కొడుక్కు జర చెప్పున్రి అత్తమ్మా. నీళ్ల గిలాస గూడ నేనే అందియ్యాలె. మంచిర్యాలల నౌకరి చేసి బండి దిగుడు, ఫోన్ల మొకం పెట్టుడు."

"నేను చెప్తే ఇంటడా? వాళ్ల బాపు చెయ్యంగ చూసిండు గద. చూసిన సోయి గూడ లేదు వానికి."

ఇద్దరూ నవ్వుకున్నారు. కాని జమున కోడలికి చెప్పని ముక్క ఒకటి మిగిలిపోయింది.

మిల్లు మళ్లీ తెరుస్తున్నారన్న కబురు వచ్చిన రోజు ఊరంతా పటాకులు కాల్చింది. తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ కావలించుకున్నారు. జమున కూడా పేడాలు పంచింది. పంచి, వంటింట్లోకి వచ్చి పిండి డబ్బా చూసింది. ఇంకొన్నాళ్లు తెరవకుంటే బాగుండు అనిపించింది. పదిమంది కడుపు నిండే వేళ ఇదేం పాడుబుద్ధి అని తన చెంప తనే వేసుకుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది?

మర్నాడు సైరన్ మోగింది. అతను సైకిలెక్కాడు. ఆమె పిండి డబ్బాను మళ్లీ తన వైపుకు లాక్కుంది.

"మామయ్య అవ్వన్ని మరిచిపోయిండంటరా?" మమత మెల్లగా అడిగింది.

"గదే నాకు తెల్వాలె బిడ్డా. అన్నం తినకుంటే ఫికర్ లేదు, ఆకలైతే తనే తింటడు. గని గా దినాలను యాదికి తెచ్చుకోనికి సిగ్గుపడుతుండా? నాకు మంచిగున్నదంత ఆయనకు నామోషీయేనా? గదొక్కటి తెల్వక పరేషాన్ అయితున్న."

* * *

గేటు బయట బండి ఆగింది. నైటు షిఫ్టు దిగి ఇంటికి పోతున్న శ్యాంసుందర్. అంబదాస్‌తో ఒకే మిషను మీద పనిచేస్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"వదినె, జర చాయ్ పోస్తవా? లేకుంటే అన్ననే పొయ్యాల్నా?"

"నీ నోరు వడిపోను. నీ అసొంటోళ్లతోనే నా ఇల్లు గిట్లయింది."

శ్యాంసుందర్ ముఖం ముడుచుకుపోయింది. వాకిట్లోనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నిజమే వదినె. పార్సిల్ ముచ్చట మొదలు నేనే అన్న. నవ్వుతడనుకున్న. మేమంత అన్నను ఎప్పుడు నవ్వుకుంటనే చూసినం గద. గిట్ల పట్టుకుంటడనుకోలే."

మమత చాయ్ తెచ్చి ఇచ్చింది. రెండు గుటకలు తాగి, అతను గొంతు తగ్గించాడు.

"నిన్న టైమాఫీసుల షిఫ్టు మార్చుమని మాట్లాడిండట. నీకు చెప్పే ఉంటడు."

"ఏంది చెప్పేది?"

"నైటు షిఫ్టు. వారం మారుడు లేదు, ఏం లేదు. రిటైరయ్యేదాక ఒకటే నైటు. ఎవ్వలు అడగరు వదినె గట్ల. పెండ్లికాని పోరగాండ్లు గూడ అడగరు."

శ్యాంసుందర్ చాయ్ సగంలోనే వదిలి లేచాడు.

అంటే ఇక మళ్లీ పళ్లేలు బోర్లించిన గిన్నెలే. ఈసారి చివరిదాకా.

* * *

మొదటి షిఫ్టు వదిలి అంబదాస్ వచ్చేసరికి ఎండ వాకిట్లో సగానికి వచ్చింది. మమత ముందుగదిలో టీవీ ముందు ఉంది. అతను కాళ్లు కడుక్కుని మధ్యగదిలోకి రాగానే జమున వెనకే వచ్చింది.

"నైటు షిఫ్టు అడిగినవట."

"ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలన్న చెప్పనీ. నిజమా కాదా?"

"నిజమే."

"నాతోని ఒక్క మాట అనాల్నా లేదా?"

"నువ్వన్నవా? అంతమంది ముందట నా ముచ్చట చెప్పేటందుకు నన్ను అడిగినవా?"

"తిట్టిన్నా నిన్ను? ఎవ్వతన్న మొగన్ని గట్ల మెచ్చుకున్నదా గా వాడకట్టుల?"

అంబదాస్ చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు. అది జారి కింద పడింది. తీయలేదు.

"గంత సిగ్గయితే గప్పుడెందుకు చేసినవ్?" జమున ఆ చొక్కాను దాటి ముందుకొచ్చింది. "నా వేలు మానినంక గూడ ఎందుకు చేసినవ్? నేను అడిగిన్నా?"

"సిగ్గని నేనన్ననా?"

"మరేంది?"

అతను మంచం అంచు మీద కూర్చున్నాడు. ముందుగదిలో టీవీలో ఎవరో వంటల పేర్లు చెబుతున్నారు.

"గా దినాలు నీకు పండుగనా జమునా?"

పేరు పెట్టి పిలిచాడు. అతను పేరు పెట్టి పిలిచేది ఆస్పత్రిలోనో, చావింట్లోనో.

"అంతయ్య గా దినాలల్లనే పోయిండు," అన్నాడు. "నా పక్కపొంటి నిలవడి పనిచేసినోడు. తాగి తాగి పోయిండు. పాడె నేను మోసిన. అందరు బతుకనీకి ఊర్లు పట్టుకపోతుంటే నేను చేతగాక ఇంట్ల కూసున్న. పెండ్లాం కుడితే తిన్న. నువ్వు గవే దినాలకు వరస కట్టి చెప్పినవ్. అందరు సప్పట్లు కొట్టిండ్రు."

"అంతయ్యను నేను మరిచిన్నా? వాళ్లింటికి పూటపూటకు గంజి మోసింది నేను." జమున అతని ఎదురుగా నేల మీద కూర్చుంది. "గని ఒక్కటి చెప్పు. మనిద్దరం పొయ్యి ముందట కూసున్నది గూడ అందుల్నే కొట్టుకపోవాల్నా? నీకు అందుల ఏం మంచిగ అనిపియ్యలేదా? ఒక్కటన్న?"

అతను అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు.

"నువ్వు ఉడుకు రొట్టెను ఊదుకుంట తింటుంటివి," అన్నాడు చివరికి. "నోరు కాలినా ఆగకపోతుంటివి. గది చూస్తే మంచిగుండేది. దినమంతల గదొక్కటే మంచిగుండేది."

ఇన్ని రోజులుగా ఆమె గుండె మీద ఉన్న బండ కదిలింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేకపోయింది.

"మరి నాకు నూనె పెట్టినప్పుడు?"

"గప్పుడు ఏడుస్తుంటి."

"ఏంది?"

"నీ యెనుక కూసుంటే నా మొకం నీకు కనవడది గద. పోరడు బడికి పోతుండె. గా జరసేపే దొరుకుతుండె నాకు."

జమున చెయ్యి తనకు తెలియకుండానే మెడ వెనక్కి పోయింది. అక్కడ అప్పుడప్పుడు వెచ్చగా చుక్క పడేది. నూనె అనుకునేది. తన బతుకులో అంతకంటే నిమ్మళమైన గడియ లేదనుకుంది. మెట్టు మీద ఆ మధ్యాహ్నాలను ఇన్నేళ్లూ పెట్టెలో పట్టుచీరలా దాచుకుంది. ఆ గడియలోనే, జానెడు దూరంలో, ఈ మనిషి...

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు మంచిగుంటివి. నిన్ను గూడ ఏడిపియ్యాల్నా?"

"గిప్పుడు చెప్పినవ్ గద."

"నువ్వు గడపల నిలవడి గవన్ని చెప్తుంటే నాకు మల్ల గదే ఏడుపచ్చింది. కొడుకు పెండ్లి. సుట్టాలంత ఉన్నరు. పండ్లు గట్టిగ పట్టుకుని నిలవడ్డ. గా దినం సంది నువ్వు రొట్టె పెడితే చాలు, గొంతుల అడ్డం పడుతుంది. నీ ముందట కూసుంటే యాడ బయటపడుతదో అని..."

"గందుకా క్యాంటీన్?"

అతను తల ఊపాడు.

"గందుకా నైటు షిఫ్టు? గేటు కాడ నవ్వేటోళ్లకు భయపడి కాదా?"

"వాళ్లతోని నాకేంది?" అన్నాడు. "నీకే భయపడుతున్న."

జమున లేచింది. ముందుగదిలోకి పోయే తలుపు దగ్గరికి వెళ్లింది. పెళ్లికని వేసిన కొత్త రంగుకు గడియ బిగుసుకుపోయి ఉంది. అరచేత్తో రెండు దెబ్బలు కొడితే గాని పడలేదు. ఆ చప్పుడుకు అంబదాస్ ఉలిక్కిపడ్డాడు.

"ఏం చేస్తున్నవ్? ముందట కోడలున్నది."

"ఉండనీ."

"పట్టపగలు..."

"పగలే కావాలె నాకు." ఆమె వచ్చి మంచం మీద అతని పక్కన కాక, ఎదురుగా స్టూలు లాక్కుని మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంది. "గా దినాలు నేను చూసినవి నాకు తెలుసు. నువ్వు చూసినవి చెప్పు. మొదటి సంది చెప్పు."

"నువ్వు గిట్ల చూసుకుంట కూసుంటే నాకు రాదు. జర అటు తిరుగు."

"తిరుగ."

"జమునా..."

"తిరుగ. ఇగ ఎన్నడు తిరుగ. ఏడిస్తే నా ముందటనే ఏడువు."

అతని కింది పెదవి కదిలింది. ఆమె రెండు చేతులనూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆమె సూది దిగిన వేలిని బొటనవేలితో తడుముతూ నోరు తెరిచాడు.

"మిల్లు మూసిన తెల్లారి..."

బయట బండి చప్పుడు. గేటు దగ్గర ఎవరో పిలుస్తున్నారు.

"అంబదాసన్న ఉన్నడామ్మా? టైమాఫీసు నుంచి వచ్చిన."

ముందుగదిలో టీవీ ఆగిపోయింది. మమత చెప్పుల చప్పుడు వాకిట్లోకి పోయింది.

"మామయ్య ఇంట్ల లేడన్నా," అంది మమత. పెద్దల ముందు అబద్ధమాడడం ఆ పిల్లకు చేతకాదని గొంతే చెబుతోంది.

"సైకిలున్నది గదమ్మా?"

"నడుసుకుంట పోయిండు."

అంబదాస్ కన్నీళ్లతోనే నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఏం లేదమ్మా, నైటు షిఫ్టు ఖాయం చేసిండ్రు. ఇయ్యాల మనిషి తక్కువున్నడు, ఇయ్యాల్నుంచే ఎక్కమంటుండ్రు. ఎక్కుతడో లేదో ఇప్పుడే చెప్పాలె. లేదంటే ఇంకొకల పేరు రాస్తరు. జర ఫోన్ చెయ్యి, నేను గిక్కడ్నే నిలవడుత."

జమున వద్దని అంటే అతను ఉంటాడు. కాని ఆమె అనకుండానే, అతనంతట అతనే ఉండాలి. ఆమె చూపు మాత్రం అతని ముఖం మీంచి కదల్లేదు.

అంబదాస్ ఆమె చేతులు మెల్లగా వదిలాడు. లేచి, కింద పడిన చొక్కా తీసి తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకోకుండానే తలుపు దాకా నడిచి గడియ మీద చెయ్యి వేశాడు.

రంగుకు బిగుసుకున్న గడియ. తీసి డ్యూటీకి పోవడానికైనా, ఇంకా లోపలికి నెట్టి ఆమె దగ్గరే ఉండిపోవడానికైనా బలం ఒకటే కావాలి. అతని భుజం బిగుసుకోవడం మాత్రమే జమునకు కనబడింది.